సన్న చక్రాల ఇంజను

1996 వేసవి, మల్కాపురంలో మా ఇంటి వసారా. నేల మీద బియ్యం డబ్బా పక్కనుంచి గుండ్రంగా పరిచిన చిన్న పట్టాలు. రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా ఆయన సన్యాసిరాజు, తన చేత్తో చేసుకున్న ఇత్తడి బొమ్మ స్టీమింజనును తిప్పి తిప్పి చూస్తున్నాడు. గుమ్మంలో నేను.

“మళ్ళీ పడిపోనాదేటి, మావా?”

“పడిపోనాది.”

“అయ్యో! పోన్లే, టీ తాగు.”

“ఒలే లచ్చిమీ, పడిపోనాదంటే నీ మొకం అలగ ఎలిగిపోతాదేటి?”

“నా మొకం అంతే. పుట్టిన కాడ్నించీ అంతే. ఆ పాత లావు సెక్రాలే ఎయ్యరాదా? సుబ్బరంగా తిరిగీది.”

“లావు సెక్రాలా? నీ తమ్ముడు గవర్రాజు ఏటన్నాడు? ‘ఇంజనుకి ఎడ్లబండి సెక్రాలు బిగించినావేటి, బావా’ అన్నాడా, నేదా? అసలింజను సెక్రం అంచు ఎంతుంటాదో నాకు తెల్దా? ముప్పయ్యేళ్ళు సుత్తితో కొట్టి సూసినోణ్ణి! అందుకే కొత్త సెక్రాలు అరగదీసి అరగదీసి ఇంత సన్నం సేసినాను.”

“సన్నం సేసినావు గాని, పట్టా మీద నిలబడొద్దా?”

“నిలబడతాది. రెండు సెక్రాల మజ్జన ఎడం సరిగ్గుంటే నిలబడతాది. ఇదిగో, ఈ కొలత ముక్క మజ్జలో పట్టాలి. పొద్దున్న పట్టింది. ఇప్పుడు పట్టట్లేదు. ఎలగ?”

“ఎలకలు.”

“ఎలకలు సెక్రాలు నొక్కుతాయేటి?”

“సముద్రం గాలికి ముడుసుకుపోనాయేమో.”

“రోజూనా? నాను మద్దేనం కునుకు తీసిన గంటలోనా?”

“నాకేటి తెలుసు, సదువుకున్నదాన్నా?”

“ఇందాక వంటింట్లో టంగుమన్నాది.”

“పచ్చడి నూరినాను.”

“మరి ఏ రాత్రీ కంచంలో పచ్చడి నేదే?”

“టీ సల్లారిపోతాది, మావా.”

“సెప్పు.”

“ఏటి సెప్పీది? ఈ సన్న సెక్రాల మీద బండి ఒక్క రౌండు పడకుండా తిరిగీదాకా సుట్ట ముట్టనని సిమ్మాచలం అప్పన్న మీద ఒట్టేసినావు. ఆర్నెల్లయినాది. దగ్గు తగ్గిపోనాది. ‘ఇంకో సుట్ట కాలిస్తే నా కాడికి రావద్దు’ అన్నాడు డాక్టరు, మర్సిపోనావేటి? మరి బండి తిరిగిపోతే? అందుకే... పచ్చడిబండతో, సిన్నగా. ఒక్క దెబ్బ.”

“ఆర్నెల్లా?”

“ఆదివారాలు వొగ్గీసినాను. ఆదివారం నువ్వు పడుకోవు, బండీ తియ్యవు కదా.”

“ఆర్నెల్లనించీ ఆ సెక్రాల లోపల పసుపు మరకలు తుడుస్తన్నాను నాను. ఇంజనుకి పసుపెవరు పూస్తారే?”

“ఓలమ్మో! తెలిసీ ఊరుకున్నావేటి?”

“ఇలా పట్టుకో. కాస్త ఎడం సేస్తాను. ముక్క పట్టిందా?”

“పట్టింది. మావా, ఒద్దు.”

“ఒక్కపాలి సూడాలనుంది, లచ్చిమీ. ఒక్కపాలే. పక్కకి జరుగు.”

“నాను సూడను. ఎక్కడ దాకా ఎల్లింది?”

“కళ్ళు మూసుకుంటే ఎలగ తెలుస్తాది?”

“బియ్యం డబ్బా దాటీసినాది... మలుపు... మలుపు తిరిగీసినాది! రౌండయిపోనాది, మావా! ఎంత బాగా ఎల్లింది! ఓలమ్మో, ఇప్పుడేటి సేసీది?”

“ఉస్. ఎవరో వచ్చినారు.”

“నానే బావా, గవర్రాజుని! సుట్టల కట్ట తెచ్చినాను, మంచి పొగాకు. ఏటి, ఈయాలైనా తిరిగిందా బండి?”

“ఎక్కడ, గవర్రాజూ! ఆ కట్ట ఎనక్కి పట్టుకుపో. దీనికింకో పదేళ్ళు పడతాది.”