మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య

సాయంత్రం అయిదున్నరకి లిఫ్టాయన కుర్చీ వరండాలోకి వచ్చిందంటే ఇక 'ఆ ఏడు' కథ మొదలైనట్టే. ఆర్థిక శాఖ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు లిఫ్టు నడిపి రిటైరైన మనిషి ఆయన. అందులో ముప్ఫై ఏళ్ళ ఊసే ఎత్తడు. నాలుగు ప్రభుత్వాలు మారి, పొద్దున అడిగిన ధర సాయంత్రానికి చెల్లకుండా పోయిన ఆ ఒక్క ఏడే ఆయనకి సర్వీసు.

ఆయన భార్య గడప పక్కన కూర్చుని కూతురి జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. ఈ కథ ఎన్నిసార్లు విన్నదో ఆవిడకే తెలియదు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చేది, ఇప్పుడు అదీ రావడం లేదు.

అయితే ఈ రోజు ఒక తేడా ఉంది. ఆయన కుర్చీ వీధి వైపు కాకుండా పక్క గది కిటికీ వైపు తిప్పి వేసుకున్నాడు. ఆ గదిలో అల్లుడున్నాడు. పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడి, అద్దె ఇల్లు ఖాళీ చేసి, భార్యతో ఇక్కడికొచ్చి తొమ్మిది రోజులైంది. కూతురు డ్యూటీకి వెళ్ళొస్తోంది. అతను మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. పిలిస్తే ఊఁ అనడు, కంచం పెడితే రెండు ముద్దలు తిని పక్కకి తోసేస్తాడు. "అమ్మా, ఆయన ఇంక లేవరేమోనే" అని నిన్న కూతురు వంటింట్లో ఏడ్చింది. ఆ ఏడుపు తండ్రి చెవిన కూడా పడింది.

"నేనేదో గొప్ప పని చేశానని కాదయ్యా," అని మొదలెట్టాడు లిఫ్టాయన. మెట్ల మీద ఎదురింటి దర్జీ, మూలింటి డ్రిల్లు మాస్టారు కూర్చున్నారు. "ఆర్థిక మంత్రి లిఫ్టెక్కాడు. ఎన్నో అంతస్తు సార్ అన్నాను. ఏడు అన్నాడు. సరేనని మీట నొక్కి, మూడుకీ నాలుగుకీ మధ్య ఆపేశాను. అంతే."

"ఎందుకన్నయ్యా?" అన్నాడు దర్జీ, ఎందుకో తెలిసి కూడా.

"సబ్బు కోసం! ఆ పొద్దున మీ వదిన సబ్బు కొనడానికి వెళ్తే, కొట్టువాడు ధర చెబుతుండగానే అది కాస్తా పెరిగిపోయిందట, వాడు సగంలో ఆగి మళ్ళీ మొదట్నుంచి చెప్పాడట. అందుకని, సార్, సబ్బు సంగతి తేలేదాకా ఇది కదలదు అన్నాను. ఆయన చెమట తుడుచుకుని, నా ఒక్కడి చేతిలో ఏముందయ్యా, మిగతా మంత్రులు కూడా ఉండాలన్నాడు. దానికేం భాగ్యం అని, మూడో అంతస్తులో నిచ్చెన వేయించి ఒక్కొక్కణ్ణీ పైకి లాక్కున్నాను. తొమ్మిది మంది!"

పోయినేడు చెప్పినప్పుడు అయిదుగురే, అనుకుంది భార్య.

"నలుగురు పట్టే లిఫ్టులో తొమ్మిది మందేమిటోయ్?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"ఆ ఏడు మంత్రులు కూడా చిక్కిపోయి ఉన్నారు మాస్టారూ!"

దర్జీ పగలబడి నవ్వాడు. కిటికీ అవతల చడీ చప్పుడూ లేదు. లిఫ్టాయన ఓరగా అటు చూసి గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రోజుకి బయట ప్రభుత్వం పడిపోయింది. లోపలున్న వాళ్ళకేం తెలుసు పాపం, సబ్బు గురించి కొట్టుకు చస్తున్నారు. కొత్తవాళ్ళు దండలతో సహా వచ్చేశారు. కుర్చీలో కూర్చుందామంటే కుర్చీ ఏదీ? దేశం మొత్తానికి నా స్టూలే దిక్కు! దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణాలు చేస్తుంటే, వెనకాల పాతవాళ్ళు, నా కాలు తొక్కావంటే నా కాలు తొక్కావని గోల. చీకటి పడేలోపు ఆ ప్రభుత్వమూ పడింది. వారంలో మూడోదీ పడింది. పడకుండా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే, మీట మీద చెయ్యేసి."

"తిండో?" అన్నాడు దర్జీ.

"తిండి గురించి ఆలోచించే తీరికేదయ్యా? అప్పుడే కదా నాకు తట్టింది, ధరలన్నీ ఈ లిఫ్టుకే కట్టేసి ఉన్నాయని! ఒక్క అంతస్తు దింపాను, బయట సబ్బు సగానికి దిగింది. ఇంకో అంతస్తు, పావు వంతుకి. నేల మీదికి తెచ్చేసరికి కొట్లవాళ్ళు ఊరికే పంచుతున్నారు. ఇక చాలు ఆపమని మంత్రులు కాళ్ళ మీద పడ్డారు. నేను ఆపుతానా? నేలమాళిగలోకి దింపేశాను. కొట్టువాడు మన ఇంటికొచ్చి, ఎదురు డబ్బిచ్చి సబ్బు చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు!"

ఆయన ఆయాసంతో ఆగాడు. నుదుటి మీద చెమట. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంత బిగ్గరగా అరవడం దేనికి? భార్యకి కోపం రాలేదు, ఆయన మీద జాలేసింది. ఇంక చాల్లెండి, లోపలికి రండి అందామనుకుంది.

"ఆ లిఫ్టుకి గొలుసు వేసి ఉంది మామయ్యా."

గుమ్మంలో అల్లుడు నిలబడి ఉన్నాడు. నలిగిన లుంగీ, మాసిన గడ్డం, వెలుగు చూడలేక సగం మూసుకున్న కళ్ళు.

"ఆ ఏడు నాకు పదకొండేళ్ళు. మా నాన్న పోయారు. పింఛను కాగితం మీద సంతకం కోసం మా అమ్మా నేనూ ఆ ఏడంతస్తులూ మెట్లెక్కాం. ఊళ్ళో కరెంటు లేదు. జనరేటరుకి డీజిలు లేదు. లిఫ్టు తలుపుకి గొలుసు, దానికి తాళం. దాని ముందు ఇస్త్రీ బట్టలేసుకుని ఒకాయన స్టూలు మీద కూర్చుని నిద్రపోతున్నాడు. పెళ్ళిచూపులకి ఈ ఇంటికొచ్చిన మొదటి రోజే మిమ్మల్ని పోల్చుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆ ఏడు కరెంటు లేదని వీధిలో ఎవరికి తెలియదు? పాతికేళ్ళు దాటినా ఆ మాట ఒక్కరూ ఆయన మొహాన అనలేదు. దర్జీ చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. పెద్దాయన్ని పట్టుకుని ఎంత మాట అన్నాడని భార్యకి ఒళ్ళు మండింది. మరుక్షణమే, తొమ్మిది రోజుల్లో అతను అన్ని మాటలు మాట్లాడింది ఇప్పుడేనని తట్టి, సూది జాకెట్టుకి గుచ్చి పక్కన పెట్టింది.

"నిద్ర కాదయ్యా," అన్నాడు లిఫ్టాయన. గొంతు బాగా తగ్గిపోయింది. "కళ్ళు మూసుకున్నాను. తెరిస్తే ఆ గొలుసే కనబడేది."

"ఎన్నాళ్ళు అలా?" అన్నాడు అల్లుడు.

"పది నెలలు."

"చేసే పని లేకుండా రోజూ వెళ్ళారా?"

"వెళ్ళాను."

అల్లుడు వచ్చి దర్జీ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "అది చెప్పండి మామయ్యా," అన్నాడు.

"అందులో చెప్పడానికేముంది? పొద్దున లేవబుద్ధయ్యేది కాదు. ఎవరి కోసం లేవాలి, ఎందుకు లేవాలి అనిపించేది. మీ అత్తయ్య దుప్పటి లాగేసేది. తిట్టుకుంటూ లేచేవాణ్ణి. వెళ్ళి కూర్చునేవాణ్ణి. అంతే."

అల్లుడు తల వంచుకున్నాడు.

"అత్తయ్యా," అన్నాడు, తలెత్తకుండానే. "రేపు పొద్దున నన్ను కూడా లేపండి."