నాలుగో పేరు

పంజాగుట్టలో మొదటి అంతస్తు మీద ఒక ట్రావెల్స్ ఆఫీసు. బల్లకి ఇటు జాన్‌బాబు, భార్య దేవమణి. అటు ఏజెంటు సాయిలు.

"మూడు పేర్లే రాయి సాయిలూ. దేవమణి, నేతన్, యూనిస్. జాన్‌బాబు అన్నది కొట్టెయ్."

"కొట్టెయ్యకు తమ్ముడూ. నాలుగూ ఉండనీ."

"అన్నా, అక్కా, మీరిద్దరు జర ఒక్క మాట మీదికి రాండ్రి. మలేసియా గ్రూపుల నాలుగే సీట్లున్నయ్. ఒంటిగంటకు లిస్టు పంపాలె."

"నేను రానని ఇంట్లో చెప్పాను, మెట్లెక్కుతూ చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను."

"ఎందుకు రారో మాత్రం ఎక్కడా చెప్పలేదు."

"ఎండలో తిరగడానికి అంత దూరం పోవాలా? అమీర్‌పేటలో ఎండల్లేవా?"

"గాడ సముద్రముంటదన్నా. పిల్లలు మస్తు ఖుష్ అయితరు."

"నువ్వాగవయ్యా!"

"అతని మీదెందుకు అరుస్తారు? యూనిస్ వారం నుంచీ ఈతబట్టలు వేసుకుని నీళ్ల టబ్బులో కూర్చుంటోంది. కనబడటం లేదా మీకు?"

"తీసుకెళ్లు. వద్దన్నానా?"

"నేతన్ ఏమడిగాడో తెలుసా? నాన్న రాకపోతే మామయ్య ఏమనుకుంటాడమ్మా, అని. పదేళ్లవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది?"

"నువ్వు నూరిపోస్తే అడిగాడు."

"నేనేం నూరిపోయలేదు. వాడికి కళ్లున్నాయి."

"సరే, కారణం కావాలా? విమానం గురువారం. మర్నాడు గుడ్ ఫ్రైడే. నేను చర్చిలో ఉండాలి. నాకు మొదటి మాట ఇచ్చారు."

"మొదటి మాటేందన్నా?"

"యేసుప్రభువు సిలువ మీద ఏడు మాటలు పలికాడు సాయిలూ. గుడ్ ఫ్రైడే నాడు మాటకొకరు చొప్పున ఏడుగురు నిలబడి, వాటి గురించి చెప్తారు. పదకొండేళ్లుగా నాకు నాలుగోదో ఐదోదో ఇస్తున్నారు. ఈసారి మొదటిది ఇచ్చారు."

"మొదటి దాంట్ల ఏముంటదన్నా?"

"తనకి మేకులు కొట్టినవాళ్లని క్షమించమని తండ్రిని అడగడం."

"మంచిగుందన్నా."

"బాగానే ఉంటుంది తమ్ముడూ. చెప్పే మనిషిని బట్టి."

"మణీ, నోరు జాగ్రత్త."

"పండగయ్యాక వెళ్దామంటే వస్తారా?"

"లీవు దొరకదు."

"ఆ పై వారం?"

"ఆ పై వారం... ఆడిటింగు ఉంటుంది."

"జూన్‌లో?"

"జూన్‌లో వానలు."

"చూశావా తమ్ముడూ? అడ్డం గుడ్ ఫ్రైడే కాదు. మా తమ్ముడు బుల్లబ్బాయి. వాడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగు రోజులు వాడింట్లో ఉండాలి కదా, అదీ ఈయన బాధ."

"నేనా మాట అన్నానా?"

"అనరు. మూడేళ్లయింది వాడి పేరు మీ నోట విని. ఫోనొస్తే రిసీవరు నా చేతిలో పెట్టి చెప్పులేసుకుంటారు."

"ఏం చేసిండక్కా మీ తమ్ముడు?"

"ఆయన్నే అడుగు. ఇంట్లో చెప్పరు, నీకైనా చెప్తారేమో."

"చెప్తాను. నాకేం భయమా? రెండేళ్లు మా ఇంట్లో ఉన్నాడు. మా అన్నం తిని, అమీర్‌పేటలో జావా నేర్చుకున్నాడు. వాడికి ఉద్యోగం వచ్చాక నేనూ ఆ కోర్సులో చేరాను. ముప్పై తొమ్మిదేళ్లకి, మీసాలు రాని పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. మీ కంపెనీలో నా బయోడేటా ఇవ్వరా అన్నాను. అంతే కదా అడిగింది?"

"అడిగిన చోటు చెప్పండి. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు, ఇరవైమంది టీ తాగుతుంటే."

"అయితే? 'నీకెందుకు బావా ఈ కోడింగులు, హాయిగా పాటలు పాడుకో' అంటాడా? నవ్వాడు సాయిలూ. వాడు నవ్వితే అందరూ నవ్వారు. ఈవిడతో సహా."

"నేను నవ్వలేదు."

"టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నావు."

"టీ వేడిగా ఉంది, ఊదుకుంటున్నాను."

"పెట్టుకున్నావా, లేదా?"

"పెట్టుకున్నాను. తప్పయిందని ఆ సాయంత్రమే చెప్పాను. వాడూ ఉత్తరాలు రాశాడు. మీరు విప్పితేగా!"

"విప్పను."

"మరి ఆ పాస్‌పోర్టు ఎందుకు చేయించుకున్నారు? ఉద్యోగం వస్తే విదేశాలు పంపుతారని. ఇప్పుడు పంపుతున్నాం, వెళ్లండి!"

"వెటకారమా?"

"అవును, వెటకారమే! మూడేళ్లు మర్యాదగా చెప్పాను, ఏం ఒరిగింది? వచ్చే నెల వాడికి ప్రాజెక్టు మారుతుంది. ఏ దేశం పంపిస్తారో తెలీదు. పిల్లలకి ఉన్నది ఒక్క మేనమామ."

"అక్కా, పన్నెండు నలభై అయింది."

"తమ్ముడూ, ఆ ఫోను ఇటు జరుపు."

"ఎవరికి?"

"పాస్టరు గారికి. మొదటి మాట ఇంకెవరికైనా ఇమ్మంటాను. అప్పుడు ఏ సాకు చెప్తారో చూస్తాను."

"ఆయన్ని లాగకు ఇందులోకి."

"లాగుతాను."

"ఫోను పెట్టు."

"పెట్టను."

"మణీ, పెట్టమంటున్నానా!"

"రింగవుతోంది, ఉండండి."

"ఆ మాట నా దగ్గర లేదు!"

"ఏంటి?"

"పోయిన ఆదివారమే తిరిగిచ్చేశాను. నా బదులు చర్చిలో సారయ్యగారు చెప్తారు."

"తిరిగిచ్చేశారా? మరి ఆదివారం నుంచీ నాతో... పొద్దున్న కూడా, గుడ్ ఫ్రైడే, గుడ్ ఫ్రైడే అని..."

"పెట్టేసెయ్ ఫోను."

"పెట్టాను. ఎందుకిచ్చేశారు? పదకొండేళ్లు ఎదురుచూసి?"

"రాయబోతే రాలేదు. క్షమించడం అని పైన రాసి, గీత గీసి, కింద ఏం రాయాలో తెలీక కాగితాలు చింపాను. మీ తమ్ముడి పళ్లే కనబడుతున్నాయి. అలాంటివాణ్ణి, అందరిముందు నిలబడి ఏం చెప్పను?"

"పాస్టరు గారు ఏమన్నారు?"

"ఏమంటారు? 'మీకెవరైనా అంత అన్యాయం చేశారా జాన్‌బాబూ, ఏం చేశారు?' అని అడిగారు."

"మీరేం చెప్పారు?"

"చేతులకి మేకులు కొట్టించుకున్నాయన గురించి మాట్లాడుకుంటూ, 'నన్ను చూసి నవ్వారండీ' అని ఎలా చెప్పను? లేచి వచ్చేశాను."

"అన్నా... ఏమనుకోకు, లిస్టు..."

"నాలుగు పేర్లూ పంపు సాయిలూ. ఈవిడ పక్కన మాత్రం నాకు సీటు వెయ్యకు."