సూరాంబ బిందె

కంచరి వీరబ్రహ్మం ఉన్నాడే, ఆయన చేసిన ఇత్తడి సామానులో చుక్క కారిందన్న మాట ఈ ఊళ్ళో ఎవరూ ఎరగరంట. అంతటి పనివాడు, పెళ్ళాం సూరాంబ పోయాక కొలిమి ఆర్పేసి, ఆవిడ పేరు చెక్కిన బిందె ఒక్కటి ఎదురుగా పెట్టుకుని కూచునేవాడు. ఏడాది పైమాటే అనుకో. ఇంతలో ఏమైందంటే, ఆసుపత్రి నర్సమ్మ దీనమణి తన పాత లాంబ్రెట్టా స్కూటర్ని నెట్టుకుంటూ వచ్చింది. కొండదారిలో పెట్రోలు అయిపోయిందంట. “బాబాయ్, పైన గూడెంలో చిట్టెమ్మకి నెలలు నిండాయి. ఇంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు దానికి. ఈసారి పక్కనుంటానని మాటిచ్చాను. బండి టాంకీ సగం దారికే సరి. ఇంకో టాంకీ కట్టిపెట్టవా” అంది. డబ్బాలో పోసుకుపోవచ్చుగా అంటారేమో, ఆ గతుకులకి డబ్బాలు రెండు పగిలాయి మరి. “రేకుపని నాకు రాదమ్మా, ఇత్తడైతేనే” అన్నాడీయన. ఇంట్లో ఇత్తడి ఎక్కడుంది? ఆ బిందె ఒక్కటే. దానికేసే చూస్తా కూచున్నాడు, చూస్తా కూచున్నాడు, పొద్దు వాలే వేళకి లేచి కొలిమి రాజేశాడంట.

బిందె మూతికి మరచెంబు మూతలాంటి మరమూత పెట్టాడు. అడుగున చిల్లి చేసి, చిన్న కుళాయీ గొట్టమూ అమర్చి, సందు లేకుండా కరిగించిన లోహంతో మాటేశాడు. తొట్టి నీళ్ళలో ముంచి చూస్తే ఒక్క బుడగ లేదు. బిందెకి చోటు సంకే కదా అని, బండికి పక్కన, కిందగా, సంకనెత్తినట్టే బిగించాడు. పెట్రోలు పోసి కుళాయి తిప్పితే, ఒక్క చుక్క ఇంజనుకి ఎక్కదే! తన్నింది తన్నినట్టే ఉంది నర్సమ్మ. చుట్టూ చేరినోళ్ళు ఊరుకుంటారా? “బ్రహ్మయ్యా, మీ బిందె కొత్తకోడల్లే కదలనంటందయ్యా!” అని ఒకటే నవ్వు. ఆయన తలొంచుకుని, “చుక్క కారకుండా చేశాను గానీ, మా సూరాంబ బిందె పాడు చేశాను” అన్నాడంట.

అప్పుడు దీనమణి అడిగింది, “బాబాయ్, నూతి దగ్గర్నుంచి వచ్చేప్పుడు పిన్ని బిందె ఎక్కడ పెట్టుకునేది?” “సంకన.” “ఏటి నుంచి తెచ్చేప్పుడో?” “నెత్తిన.” “మరి నేను పోయేది ఏటికన్నా దూరం కదా!” ఆయన గబుక్కున లేచాడు. సీటు వెనక, స్టెప్నీ ఉండే చోట, ఇంజనుకి పైగా బిందెని ఎక్కించాడు. కుళాయి తిప్పాడు. రెండో తన్నుకి బండి అందుకుంది!

నాలుగో రోజు దీనమణి కొండ దిగి తిన్నగా కొలిమి దగ్గరికే వచ్చింది. ఈయన మొదట అడిగిందేంటో తెలుసా? “చుక్క కారిందా?” అని. చూడండి, కంచరోడి బుద్ధి! “కారలేదు బాబాయ్. చిట్టెమ్మకి ఆడపిల్ల, తల్లీపిల్లా బాగున్నారు. గూడెంలో పిల్లలు బిందె మీద పేరు చదివి, బండి చప్పుడైతే చాలు, ‘సూరాంబొచ్చింది, సూరాంబొచ్చింది’ అని పరిగెత్తుకొస్తన్నారు” అంది. అంతే, ఆయన కళ్ళు బొటబొటా కారాయంట. వీరబ్రహ్మం దగ్గర చుక్క కారింది ఆ ఒక్కసారే. నేనైతే దాన్ని కారడమనను.