పక్క గడిలో టిక్కు

నన్నలా చూడకు. కళ్ళు దించు. దించమన్నానా! దవడకి తీగలు కట్టారు గానీ కనురెప్పలకి కట్టలేదుగా?

ఏంటి, వెనక్కి జరుగుతున్నావ్? మంచం అయిపోయింది, ఇంకెక్కడికి పోతావ్? భయపడకు, ఇవాళ నా చేతిలో కడ్డీ లేదు. ల్యాప్‌టాప్ ఉంది. దీంతో కొడితే ఇదే పగులుతుంది, నీ బుర్రకేం కాదు. చిన్నప్పట్నుంచీ గట్టి బుర్రే నీది. ఏదీ లోపలికి దిగదు.

ఏం లేదు నర్సమ్మా, మాట్లాడుకుంటున్నాం. అక్కాతమ్ముళ్ళం. ఆఁ, నేనే, ఆ దవడ విరగ్గొట్టిన అక్కనే. తలుపు దగ్గర పోలీసాయన కూర్చునే ఉన్నాడుగా తల్లీ, ఇంకేం భయం మీకు? కాసేపు వదిలెయ్యండి మమ్మల్ని.

పోయింది. చూశావా ఎలా చూసి పోయిందో? నువ్వు మా ఆయన తల పగలగొట్టావ్, నిన్ను మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి గొట్టంతో పాలు పడుతున్నారు. నేనేమో రాక్షసిని.

మీ బావ పోయాడురా.

చెప్పలేదా ఎవరూ? పొద్దున పోయాడు. పైన, ఇదే ఆసుపత్రిలో, నీ నెత్తి మీద గదిలో. అలా మూలగకు, తీగలు లాగుతాయి. కళ్ళు తెరవనే లేదు ఆయన. తల ఇంత లావు వాచిపోయి, ఆ కట్ల మధ్య మొహం ఎటుందో నాకే తెలీలేదు. చెవిని చూసి గుర్తుపట్టాను. పాత దెబ్బకి నలిగిపోయిన ఎడమ చెవి ఉందే, అదొక్కటే ఆయనలా ఉంది.

ఏడవకు! ఏడిస్తే ముక్కు మూసుకుపోతుంది, నోరు తెరవలేవు, ఊపిరాడక చస్తావ్. ఇప్పుడు నువ్వు చస్తే నాకు కుదరదు. నేను చెప్పేది విని చావు.

బయట ఏమంటున్నారో తెలుసా? కావాలనే కొట్టాడంటున్నారు. ఎందుకనరు? నువ్వు షూటింగ్‌కి తాగొచ్చావ్, ఆయన అందరి ముందూ నీ చెంప పగలగొట్టాడు. అక్కడితో ఊరుకున్నావా? 'నీ తల పగలగొడతా బావా, రాసిపెట్టుకో' అని మైదానం దద్దరిల్లేలా అరిచావ్. ఫైటర్లు, లైట్లవాళ్ళు, మేకప్‌వాళ్ళు, అందరూ విన్నారు. ఆ తర్వాత వారం తిరక్కుండానే అన్నంత పనీ చేశావ్. ఇంకేం చెప్పాలి వాళ్ళకి?

నేనూ అదే అనుకున్నా. ఆ చప్పుడు విన్నావుగా నువ్వు కూడా? ఉత్తుత్తి దెబ్బలకి చప్పుడుండదు, తర్వాత కలుపుతారు. అది మాత్రం అక్కడికక్కడే వినిపించింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడి, ఏదో అడగబోతున్నట్టు నీ వైపే చూసి, పక్కకి ఒరిగిపోయాడు. నువ్వు కడ్డీ వదిలేసి చేతులు చూసుకుంటూ నిలబడ్డావ్. 'వంగుతాడనుకున్నా అక్కా' అన్నావ్. అదే నీ నోట్లోంచి వచ్చిన చివరి మాట. ఆ కడ్డీ నేను తీసుకున్నాను కదా.

నీ పళ్ళు నా జాకెట్ మీద పడ్డాయి. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉందట. ఫైట్ మాస్టర్ చెప్పాడు, నా దెబ్బ చాలా బాగా వచ్చిందట! వాడి నోట్లో మట్టి కొట్ట, ఆ మాట ఎలా అనాలనిపించిందో వాడికి.

ఎన్నేళ్ళు చేశాం రా ఈ పని? నేను, ఆయన, నువ్వు. తగలకుండా కొట్టడం. అంతేగా మన విద్య? బెత్తెడు దూరంలో పిడికిలి ఆపడం, తగిలినట్టు ఎగిరిపడటం. అద్దాల్లోంచి దూకించారు నన్ను, మెట్ల మీంచి దొర్లించారు. మనింట్లో తిన్న ప్రతి ముద్దా తగలకుండా కొట్టడంలోంచే వచ్చింది. ఆయన్ని అందరూ గోడ అని ఎందుకన్నారు? ఎంతమంది వచ్చి మీద పడ్డా కదలకుండా నిలబడేవాడు కాబట్టి. నీకు పిడికిలి పట్టడం నేర్పింది కూడా ఆయనే. బొటనవేలు లోపల పెడితే విరుగుతుందిరా బామ్మర్దీ అని ఎన్నిసార్లు తిట్టాడు?

సరే. ఇదిగో, ఇటు చూడు. ఇది గుర్తుందా? నా షాట్ల పట్టిక. మన ఫోన్లన్నింట్లోకీ వచ్చేది ఇదే. వరసకి ఒక షాట్. ఈ గడిలో ఎవరేం చెయ్యాలో ఉంటుంది. దాని పక్క గడిలో చదివినవాళ్ళు టిక్కు పెట్టాలి. ఆ టిక్కుల రూలు ఎవరు పెట్టారు? నేనే పెట్టాను. నా మోకాలు పోయిందెందుకు? ఒక దరిద్రుడు మార్పు చదవకుండా వచ్చి తన్నినందుకు. ఇంకెవడి కాలూ అలా పోకూడదని, టిక్కు లేకపోతే కెమెరా కదలకూడదని మాస్టర్‌తో గొడవపడి మరీ పెట్టించాను. కుంటుకుంటూ కూడా మిమ్మల్నిద్దర్నీ కాస్తున్నానని ఎంత గర్వపడ్డానో!

చూడు ఈ వరస. చదువు. లోపలే చదువుకో. 'కడ్డీ కుడి నుంచి ఎడమకి, తల ఎత్తులో. గోడ వంగుతాడు. కడ్డీ వెనక స్తంభానికి తగలాలి.' ఇదేగా నీ ఫోన్లో కనపడింది? తల ఊపు. ఊపడానికి నొప్పయితే కళ్ళు మూసి తెరువు.

ఆఁ. ఆ రోజు పొద్దున్నుంచీ రిహార్సల్ చేసిందీ అదే. అసలు ఇనుప కడ్డీ, స్తంభానికి తగిలి నిప్పురవ్వలు రావాలి. మీరిద్దరూ చేశారు, బాగానే వచ్చింది. ఆ తర్వాత మాస్టర్‌కి పురుగు తొలిచింది. వంగడం పాతగా ఉందట. గోడ వంగకుండా మీదికొస్తే, కడ్డీ గాల్లోనే ఆగిపోతే బాగుంటుందట. వెలుతురు పోతోంది, మళ్ళీ రిహార్సల్‌కి టైం లేదు, పట్టికలో ఎక్కించెయ్ అన్నాడు. ఎక్కించాను. అదే గడిలో, చివర్న. 'మార్పు: గోడ వంగడు, ముందుకొస్తాడు. కడ్డీ ఆపాలి, తిప్పొద్దు.'

ఎక్కడుంది అంటావా? ఇక్కడే ఉందిరా! చూపిస్తా, చూడు.

ఇదిగో, ఈ పక్క గడిలో టిక్కులు రెండూ తీసేస్తున్నా. చూశావా? వాక్యం ఎలా బయటికొచ్చిందో! మొత్తం వచ్చింది. పక్క గడి ఖాళీగా ఉంటే పొడుగు రాత దాని మీదికి పాకి కనపడుతుంది. ఇప్పుడు టిక్కు పెడతా. చూడు. పోయింది! అక్కడికి కోసేసినట్టు పోయింది. పక్క గడిలో ఏదో ఒకటి పడగానే రాత లోపలే ఉండిపోతుంది, పైకి కనపడదు.

మొదటి టిక్కు ఎవరిదో చూడు.

మీ బావదిరా. ఆయన ముందు చదివాడు. అప్పటికి పక్క గడి ఖాళీ. మొత్తం చదివాడు, మార్పు చూశాడు, బుద్ధిగా టిక్కు పెట్టాడు. ఎప్పుడూ ఆయనే ముందు పెడతాడు, నేను పెట్టిన రూలని. ఆ టిక్కు పడగానే మార్పు కనపడకుండా పోయింది. తర్వాత నువ్వు తెరిచావ్. పొద్దున చేసిందే ఉందనుకున్నావ్. నువ్వూ పెట్టావ్. రెండు టిక్కులూ పడ్డాయి, షాట్ రెడీ అని అరిచింది ఎవరనుకున్నావ్? నేనే. నా గొంతే.

వేలితో ఆ గడిని ఒక్కసారి తాకితే మొత్తం కనపడేది కదరా వెధవా! ఎందుకు తాకలేదు? అవునులే, ఎందుకు తాకుతావ్? ఏదో మిగిలిందని తెలిస్తేగా?

అసలు ఇవన్నీ ఎందుకు? పక్కపక్కనే నిలబడ్డారు ఇద్దరూ. ప్రతి షాట్‌కి ముందూ మాట్లాడుకునేవాళ్ళు, నువ్వటు నేనిటు అని. ఫోన్లో టిక్కు పెట్టడమే గానీ, దాన్ని నమ్ముకునేవాళ్ళే కాదు మీరు. ఆ చెంపదెబ్బ తర్వాత మొహాలు చూసుకోవడం మానేశారు. ఆయనేమో వాడే వచ్చి మాట్లాడాలి అన్నాడు. నువ్వేమో ఆయనే రావాలి అన్నావ్. ఇద్దరూ నా దగ్గరే అన్నారు! నేనేమన్నాను? చావండి, పట్టిక చూసుకోండి అన్నాను.

ముందు ఇలా ఉండేది కాదు, తెలుసా? ర్యాప్ టెక్స్ట్ అని ఒక బొత్తం ఉంది ఇక్కడ. అది నొక్కితే రాత ఆ గడిలోనే మడతపడి, కిందకి కిందకి దిగుతుంది. వరస లావవుతుంది గానీ పక్కన ఏమున్నా ఒక్క మాట కూడా పోదు. నేను అలాగే ఉంచేదాన్ని. మాస్టరే గోల చేశాడు. వరసలు ఇంత లావేంటమ్మా, ఫోన్లో రెండు షాట్లకి మించి కనపడట్లేదు, సన్నగా చెయ్యి అని. చెయ్యనని ఒక్క మాట అనలేకపోయాను. అందరి మీదా నోరు పారేసుకుంటాను కదా, ఆ రోజు ఏమైందో నా నోటికి. తీసేశాను. పట్టిక నీట్‌గా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

ఎలా తెలిసిందంటావా? పైన ఆ గది బయట కూర్చుని ఉంటే మాస్టర్ ఫోన్ చేశాడు. పోలీసులు పట్టిక అడుగుతున్నారు, ఇచ్చే ముందు ఆ బొత్తం నొక్కి ఇవ్వమ్మా అన్నాడు. ఎందుకు మాస్టర్ అన్నాను. నొక్కితే మార్పు మొత్తం కనపడుతుంది, పక్కన నీ తమ్ముడి టిక్కు ఉంటుంది, చదివి కూడా కొట్టాడని తేలిపోతుంది, మన మీదికి రాదు అన్నాడు. అంటే వాడికి ముందే అర్థమైందన్నమాట! నాకు అప్పుడు వెలిగింది. తెరిచి చూశాను. టిక్కు తీశాను, పెట్టాను, తీశాను, పెట్టాను. వాక్యం వస్తోంది, పోతోంది. గోడకేసి తల బాదుకుంటుంటే ఎవరో వచ్చి పట్టుకున్నారు. ఇదిగో, నుదుటి మీద. నువ్వు చేసిందనుకున్నావా ఏంటి?

అప్పుడే లోపలికి పిలిచారు. ఆయన పోయాడని.

ఇప్పుడు విను. ఇది ఎవరికీ చెప్పను, నీకే చెప్తున్నా, నువ్వు నోరు తెరవలేవు కాబట్టి. నొక్కాను. పోలీసులకివ్వడానికి పట్టికని ఇంకో కాపీ తీసి, దాంట్లో ఆ బొత్తం నొక్కాను. మెట్లు దిగేటప్పుడే నొక్కి, పోలీసాయన చేతిలో పెట్టేద్దామనే వచ్చాను. హత్య కేసు అయిపోయేది. నువ్వు లోపలికి పోయేవాడివి, ఎప్పటికొస్తావో. నా చేతులు కడిగేసుకుని ఇంటికి పోయేదాన్ని. ఆ పోలీసాయన తలుపు తీయగానే, తమ్ముణ్ణి ఒక్కసారి చూసొస్తానండీ అన్నాను. ఎందుకన్నానో! చూడకుండా ఇచ్చేసి ఉంటే ఈపాటికి అయిపోయేది.

ఊరుకో. ఊపిరి పీల్చుకో, మెల్లగా. ఇదిగో, ఆ కాపీలోనూ తీసేస్తున్నా. మళ్ళీ ఎలా ఉందో అలాగే. వరస సన్నబడింది, చూశావా? ఇలాగే ఇస్తాను. టిక్కు తీసి చూడండి సార్, పెట్టి చూడండి అని చెప్తాను. పట్టిక నాది, రూలు నాది, కేక నాది. మాస్టర్ ఫోన్లో ఏమన్నాడో అదీ చెప్తాను. నీ దవడ సంగతి నువ్వు చెప్పుకో, తీగలు విప్పాక. కేసు పెట్టుకుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం.

అంతమాత్రాన నీ మీద జాలిపడ్డాననుకోకు. నీ తప్పు లేదని ఈ తలకి తెలిసింది, ఈ చేతికి ఇంకా తెలీదు. నీ మొహం చూస్తుంటే రెండో వైపు కూడా విరగ్గొట్టాలనే ఉంది.

నువ్వు కావాలనే కొట్టి ఉంటే ఎంత బాగుండేదిరా! నిజం చెప్తున్నా. నీ దవడ పటపటమన్నప్పుడు నా చేతికి ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇన్నేళ్ళలో మొదటిసారి నిజంగా తగిలేలా కొట్టాను. ఆయన కోసం కొట్టాను. అదైనా మిగిలింది అనుకున్నాను. అదీ లేకుండా పోయింది. నిన్ను కొట్టడానికి లేదు, ఆయన్ని తిట్టడానికి లేదు. ఇప్పుడు ఎవర్ని కొట్టమంటావురా నన్ను?

సార్! లోపలికి రండి, పట్టిక ఇస్తాను. ఒక్క నిమిషం.

ఊఁ, ఇటు తిరుగు. కదలకు. ముక్కు తుడవనీ.