నిమ్మచెట్టుకు తగిలిన దిష్టి

ఈస్టర్ పండగ ముందు గ్రీసు దేశపు నక్సోస్ దీవిలో గోడలకూ చెట్ల మొదళ్ళకూ సున్నం వేయడం అయిపోయింది. మిగిలిన సున్నం బకెట్టుతో నిమ్మచెట్టు దగ్గర నిలబడ్డ ఆర్గిరో, కోడలు థెక్లా ఎదురు రాగానే దిష్టి తగలకుండా తు తు తు అని మూడుసార్లు ఉమ్మింది.

"నీలికళ్ళ చూపుకు దిష్టి ఎక్కువ, అలాంటిదాన్ని ఇంటికి తెచ్చుకోవద్దని ఊరంతా మొత్తుకున్నా విన్నానా! నీ కళ్ళు పడే చెట్టంతా పసుపెక్కింది. పండక్కి నీ పుట్టింటికి పో."

థెక్లా చెట్టు దగ్గరికి వచ్చింది. "పోతాను. ముందు ఒకటి చెప్పండి అత్తయ్యా. పసుపెక్కింది ముదురాకులా, లేతాకులా?"

"లేతవే. అయితే ఏంటంట?"

"ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి చూడండి. అది దిష్టి కాదు, ఇనుము చాలకపోవడం."

"ఇనుమా! గుప్పెడు తుప్పు మేకులు పాతానే!"

"మట్టిలో సున్నం ఎక్కువైతే, ఎంత ఇనుమున్నా వేరు పీల్చుకోలేదు. మా నాన్న తోటలో చూశాను."

"ఇక్కడ సున్నం ఎవరు పోశారే?"

"ఏటా మిగిలిన సున్నం ఎక్కడ పారబోస్తారు అత్తయ్యా?"

ఆర్గిరో చెట్టు మొదట్లోకి ఒంపబోయిన బకెట్టు అలాగే ఆగింది. మోచేతుల దాకా తెల్లబడ్డ తన చేతులను చూసుకుంది. మళ్ళీ మూడుసార్లు ఉమ్మింది, ఈసారి వాటి మీదే.