కావాలని ఓడిన పందెం

ఎడిటింగ్ గదిలో సినిమా ఆగింది. తెర మీద, చక్రాల కుర్చీలో ఉన్న పిల్లాడు పందెం గెలిచి చేతులెత్తాడు. కావాలని ఓడిపోయిన స్నేహితుడు వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇది ఎవరి కొడుకు కథో ఆ తల్లి దర్శకుడి పక్కనే కూర్చుని ఉంది.

“ఇది అబద్ధం బాబూ.”

“వాడు కావాలనే ఓడాడని మీరే చెప్పారు కదమ్మా.”

“ఓడాడు. మావాడు మాత్రం చేతులెత్తలేదు. ‘నామీద జాలి పడతావురా దొంగవెధవా’ అని చెప్పు తీసి విసిరాడు. అది గురి తప్పి నా నీళ్ల బకెట్లో పడింది.”

“అది పెడితే జనం నవ్వుతారమ్మా. ఇక్కడ ఏడవాలి.”

“ఎందుకేడవాలి? కాళ్లు పడిపోతే రోషం కూడా పోతుందా?”

“సరే, తర్వాత?”

“‘ఇంకోసారి మా గుమ్మం తొక్కకు’ అన్నాడు. ఆ పిల్లాడు ఏడుస్తూ వెళ్లిపోయాడు.”

“మీరు సర్దిచెప్పలేదా?”

“లేదు. బకెట్లోంచి చెప్పు తీస్తూ పడీపడీ నవ్వాను. పిల్లల అలకేగా, పొద్దున్నకి మళ్లీ ఒకటైపోతార్లే అనుకున్నాను.”

దర్శకుడు తెర వదిలి ఆమె వైపు తిరిగాడు.

“తెల్లారేసరికి మావాడికి ఊపిరి అందలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. స్నేహితుడొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రారా అంటే రాడు. ‘వాడు రావద్దన్నాడత్తా’ అంటాడు.”

“అమ్మా...”

“ఆ చెప్పు విసిరింది పెట్టు బాబూ. జనాన్ని నవ్వనీ. నేనూ నవ్వాను.”