నాన్నగారి కుడిచెయ్యి

తండ్రి పెద్దకర్మ రేపనగా, యాభై దాటిన ఒకామె ఏలూరులో ఫ్లెక్సీలు వేసే షాపుకి వచ్చి, కంప్యూటర్‌లో ఆయన ఫొటో చూసింది.

“ఈ చెయ్యి మా నాన్నగారిది కాదండీ.”

“ఆయనదేనమ్మా. మీరిచ్చిన ఫొటోలో కుడిచేతికి రెండు వేళ్లు లేవు కదా, నేనే అతికించాను.”

“తీసెయ్యండి.”

“ఊరంతా వస్తారు కదమ్మా. లోపం కనపడితే బాగోదని...”

“లోపమేంటండీ? అరవై అయిదు యుద్ధంలో పోయాయి ఆ వేళ్లు.”

“మిలిటరీ ఆయనా! అయితే యూనిఫామ్ తొడిగి, వెనకాల జెండా పెట్టేస్తానండీ.”

“వద్దు. ఆయన యుద్ధం చేసింది ఇరవై రోజులేనండీ. మా జడలు వేసింది పదిహేనేళ్లు. అమ్మ పోయేనాటికి మేం నలుగురం ఆడపిల్లలం. రోజూ భీమడోలు స్కూలు బస్సు వచ్చేలోగా అందరికీ రెండేసి జడలు వేసేవారు.”

“ఆ చేత్తోనా?”

“ఆ చేత్తోనే. మొదట్లో దారిలోనే ఊడిపోయేవి, పిల్లలంతా నవ్వేవారు. ఆయన మానలేదు. కొల్లేటికోట వెళ్లి, వలలు అల్లేవాళ్ల పక్కన కూర్చుని ముడి నేర్చుకొచ్చారు. ఆ తరవాత సాయంత్రందాకా ఒక్క జడ ఊడితే ఒట్టు.”

“అతికించిన వేళ్లు తీసేశానమ్మా, చూడండి. కింద ఏం రాయమంటారు?”

“పేరు చాలు. చెయ్యి మాత్రం బాగా కనపడాలి. రేపు మేం నలుగురం రెండు జడలు వేసుకుని ఆ ఫ్లెక్సీ పక్కనే నిలబడతాం.”

“ఈ వయసులోనా? నవ్వుతారమ్మా!”

“అప్పుడూ నవ్వారండీ.”